అంగారకుడి మీద వాన

1వ రోజు. పోటు తొమ్మిది అడుగులు. దాటిన పడవలు ఆరు.

ఈ రిజిస్టరు ముందు పేజీలు లాకుల బోర్డువి. నీటిమట్టం, తలుపు ఎత్తిన వేళ, దించిన వేళ. వెనక పేజీలు ఎవరూ తిప్పరు కాబట్టి అవి నావి. నా పేరు నాంచారి. ఏడో లాకు లస్కరుని, తలుపెత్తి దించడం నా పని. సముద్రపు కట్ట మీదున్న పదకొండు లాకుల్లో అందరికన్నా ఎక్కువ తుప్పు పట్టింది నాదే.

ఇవాళ్టితో ముగ్గురికీ కథ చెప్పడం అయిపోయింది. సముద్రం అందని ఎత్తున ఉన్న మెట్ట విద్యాపీఠంలో కథారచన పీజీకి దరఖాస్తు పెట్టాలంటే కథ రాసి పంపితే కుదరదు. రాసిన కాగితాన్ని నమ్మడం మా అమ్మమ్మల కాలంలోనే మానేశారు. కథని ముగ్గురికి, విడివిడిగా, ఒక్కసారే నోటితో చెప్పాలి. వాళ్ళు రక్తసంబంధీకులు కాకూడదు. సరిగ్గా నలభయ్యో రోజున ఆరోగ్య కేంద్రంలో వాళ్ళ తలకి పట్టీ కడతారు. అప్పటికి ఏం గుర్తుంటే అది అచ్చై బయటికొస్తుంది. ఆ మూడు కాగితాలే దరఖాస్తు. వయసు ముప్పై ఆరు దాటకూడదు. నాకు వచ్చే నెలతో ముప్పై ఆరు నిండుతాయి. ఇదే ఆఖరి ఛాన్సు.

నా శ్రోతలు ముగ్గురూ దిగువ కాలనీ పెద్దలు, వరసలు పిలుపుకే. కట్ట మీద టీ బంకు పున్నమ్మత్త. పడవల మెకానిక్కుగా చేసి మానేసిన ఏసోబు బాబాయి. మంచినీళ్ళ రేషను పడవ నడిపే మస్తాన్ బాబాయి.

కథ అంగారకుడి మీద జరుగుతుంది. అక్కడ మంచుగడ్డలు కరిగించిన నీళ్ళకి ఒక లాకు, దానికి సింగన్న అనే లస్కరు. పైవాళ్ళ ఆజ్ఞ కాదని ఒకరోజు తలుపు ఎత్తేస్తాడు. పెద్ద గాజు గుమ్మటం కింద ఉండేవాళ్ళ నీళ్ళన్నీ పాడవుతాయి. భయపడి, పెళ్ళాన్నీ కూతుర్నీ వదిలేసి, ఆఖరి ఓడెక్కి పారిపోతాడు. ఎర్రదుమ్ములో లాకు దగ్గర ఆ పిల్ల నిలబడి ఉండగా కథ అయిపోతుంది.

నాకు పదేళ్ళప్పుడు మా నాన్న మోపిదేవి, ఇదే ఏడో లాకు లస్కరు, తుఫాను రోజున మోటారు వేసి తలుపెత్తి మెట్టవాళ్ళ మంచినీళ్ళ చెరువులోకి ఉప్పునీళ్ళు వదిలి పారిపోయాడు. ఇరవై ఆరేళ్ళుగా బోర్డు కాగితాల్లో పరారీ ముద్దాయి. కథలో పేర్లు మార్చాను, ఊరు మార్చాను, చివరికి గ్రహం కూడా మార్చాను. ఇంక ఎవరు పోల్చుకుంటారు?

2వ రోజు. పోటు తొమ్మిదిన్నర. పడవలు నాలుగు.

తలుపు గాడిలో గుల్లలు గీకాను. ఆ పని చేయాల్సిన యంత్రపు పీత రెండు కాళ్ళు విరిగి మూలన పడుంది. దాన్ని బాగుచేయమని బోర్డుకి ఇది ఏడో ఉత్తరం. అయినా ఇవాళ మనసు హాయిగా ఉంది. మెట్ట మీద నా గది ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ గీకాను.

9వ రోజు. పోటు పది. పడవలు ఐదు.

పున్నమ్మత్త మామూలుగా నన్ను చూడగానే "వచ్చిందమ్మా ఏడో లాకు కలెక్టరు" అని ఎకసెక్కం మొదలుపెడుతుంది. వారం నుంచి ఏమీ అనడం లేదు. ఇవాళ టీ ఇచ్చి, చక్కెర వేసిందో లేదో మర్చిపోయి, మళ్ళీ వేసి, నా మొహం వంక చూసి కళ్ళు తిప్పుకుంది. గ్లాసు నిండా పానకం. అది తాగుతూ నాకు ఒకటే అనుమానం. కథ అంత దరిద్రంగా ఉందా?

13వ రోజు. పోటు పదకొండు. పడవలు మూడు.

ఏసోబు బాబాయికి ఉన్నట్టుండి చెముడు వచ్చింది. మంచం మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. "ఏం బాబాయ్, ఒంట్లో ఎలా ఉంది?" అన్నాను.

"ఆఁ? ఇనపడట్లేదమ్మాయ్. చెవులు పోయినయ్."

"ఎప్పట్నించి?"

"మొన్నట్నించి," అన్నాడు ఠక్కున. అంతలో ఎక్కడో ఆరో లాకు దగ్గర పడవ హారన్ వినిపిస్తే "మస్తానుగాడొచ్చినట్టున్నాడు" అని లేచాడు. నన్ను చూసి మళ్ళీ కూర్చున్నాడు. పట్టీకి చెవులతో పని లేదని గట్టిగా అరిచి చెప్పి వచ్చాను.

17వ రోజు. పోటు తొమ్మిది. పడవలు ఆరు.

విద్యాపీఠం ఫారం చదివాను. పదకొండు పేజీలు. ఒకచోట రెండు గడులున్నాయి, "నిజం", "కల్పన" అని. శ్రోతల జ్ఞాపకంలో వచ్చిన సంఘటన నిజంగా జరిగిందైతే, అందులో నేరం కనబడితే, కాగితాలు సంబంధిత శాఖకి పంపుతారట. అంగారకుడి మీద జరిగిన నేరానికి ఏ శాఖ కదులుతుందో నాకు తెలియదు. నవ్వుకుంటూ "కల్పన" మీద టిక్కు పెట్టాను.

22వ రోజు. పోటు పదిన్నర. పడవలు రెండే.

మస్తాన్ బాబాయి మంచినీళ్ళ పడవని ఏడో లాకు మీదుగా తేవడం మానేశాడు. ఎనిమిదో లాకు చుట్టూ తిరిగొచ్చి కాలనీ అవతలి కొసన ఆపుతున్నాడు. బిందెలు మోయలేక ఆడవాళ్ళు తిట్టిపోస్తున్నారు. అడిగితే "మీ లాకు గాడి పడవకి గీసుకుంటోంది" అన్నాడట. నా గాడి నున్నగా అద్దంలా ఉంది. నా కథ విన్న పాపానికి ఒకాయన చెవులు పోగొట్టుకుంటే, ఇంకొకాయన దారే మార్చుకున్నాడు. నాకేమీ అర్థం కావడం లేదు.

29వ రోజు. పోటు పది. పడవలు ఐదు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్తుంటే, మా అమ్మ ఎండుచేపలు ఆరేసే పందిళ్ళ వెనక నలుగురు కూర్చుని ఉన్నారు. మా అమ్మ తిరుపతమ్మ, నా శ్రోతలు ముగ్గురు. నన్ను చూడగానే నలుగురికీ ఒకేసారి దగ్గొచ్చింది.

"శ్రోతలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. రూలు ఉంది," అన్నాను.

"చేపల రేటు మాట్లాడుకుంటన్నాం," అంది పున్నమ్మత్త.

ఆవిడ పుట్టి బుద్ధెరిగి చేప తినలేదు. మా అమ్మ మాత్రం తలెత్తకుండా, "ఒసే నాంచారీ, ఇంత వయసొచ్చాక ఆ చదువెందుకే నీకు? ఉన్న ఉద్యోగం చేసుకోక," అంది. నాకు ఒళ్ళు మండింది. నాన్న ఎగ్గొట్టి పోయిన ఉద్యోగంలోకే వచ్చి, పరారీవాడి కూతురా అని మెట్ట ఇన్‌స్పెక్టర్లు వంకరగా చూస్తుంటే పద్నాలుగేళ్ళు భరించాను. ఈ కట్ట దిగి పోదామనుకుంటే కాళ్ళకి అడ్డం పడుతోంది. అన్నం తినకుండా వెనక్కి వచ్చేశాను.

39వ రోజు. పోటు పదకొండున్నర. పడవలు ఏడు.

రేపే పట్టీ. ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళాను. ముగ్గురూ రామన్నారు. మాట ఇచ్చి ఇప్పుడు ఇలా చేస్తే ఎలా అని పున్నమ్మత్త బంకు ముందే ఏడ్చేశాను. నాకు ఏడుపు చాతకాదు, ముక్కు ఎర్రబడి చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. అత్త పొయ్యి మీంచి గిన్నె దించింది.

"సర్లే. నీకు అన్నీ తెలిసే అడుగుతున్నావు. మాదేం పోయింది, వచ్చి కట్టించుకుంటాం," అంది. మిగతా ఇద్దరినీ ఆవిడే ఒప్పించింది. నాకు తెలిసిందేమిటో మాత్రం నాకు తెలియలేదు.

40వ రోజు. పోటు పది. పడవలు నాలుగు.

పట్టీలు అయిపోయాయి. ఆరోగ్య కేంద్రం సిస్టరు మూడు కాగితాలు నా చేతికిస్తూ, "వీళ్ళకి మీరేం కథ చెప్పారండీ? మా మిషను ఇంత ముదురుగా అచ్చెయ్యడం ఎప్పుడూ చూళ్ళేదు," అంది.

లాకు గదిలో కూర్చుని చదివాను. మొదట పున్నమ్మత్తది. అంగారకుడి మీద వాన పడుతోంది. నాలుగు రోజుల నుంచి ఆగకుండా పడుతోంది. ఎర్రదుమ్ము లేదు, గాజు గుమ్మటం లేదు. బురద ఉంది, కొట్టుకొచ్చిన రొయ్యలున్నాయి. సముద్రం కట్ట దాటి కాలనీలోకి వచ్చేసింది. పిల్లలున్న షెల్టరు కిటికీల దాకా నీళ్ళు. మోటారు చచ్చింది. పన్నెండు మంది కలిసి చేత్తో చక్రం తిప్పుతున్నారు. తలుపు సగం లేచి ఆగిపోయింది, కింద గాడిలో దుంగ ఇరుక్కుంది. లస్కరు తాడు పట్టుకుని దిగాడు. చాతకాక పైకొచ్చాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. "టీ పెట్టి ఉంచు పున్నమ్మా, చలేస్తంది" అన్నాడు. గునపం తీసుకుని మళ్ళీ దిగాడు. దుంగ ఊడింది. తలుపు లేచింది, కాలనీలో నీళ్ళు చెరువు వైపు మళ్ళాయి. తాడు ఖాళీగా పైకొచ్చింది.

ఏసోబు బాబాయి కాగితంలోనూ అదే. గునపం తనదట. మస్తాన్ బాబాయి కాగితంలోనూ అదే. లస్కరు తలకి కట్టుకున్నది పచ్చగళ్ళ తువ్వాలట. పారిపోవడం ముగ్గురి కాగితాల్లోనూ లేదు. ఓడ లేదు. ఎదురుచూసే పిల్ల లేదు. మూడు కాగితాల కింద "ఏకీభావం: నూటికి తొంభై నాలుగు" అని అచ్చయింది.

41వ రోజు. పోటు తొమ్మిదిన్నర. పడవలు ఐదు.

ఉన్నమాట రాసుకుంటాను, ఇక్కడ ఎవరు చూస్తారు గనక. ఆ కాగితాలు చదివాక మొదట నాకు కలిగింది అసూయ. ఈ ముగింపు నాకెందుకు తట్టలేదు? మూడు నెలలు బుర్ర బద్దలు కొట్టుకుని నేను ఒకణ్ణి ఓడెక్కించాను. జన్మలో ఒక్క కథ చెప్పని ముగ్గురు ముసలివాళ్ళు పందిరి వెనక కూర్చుని నా కథని నాకంటే బాగా కట్టారు. కోపంతో బంకుకి వెళ్ళాను.

"అంగారకుడి మీద వాన ఎక్కడిది అత్తా?"

అత్త గ్లాసులు కడుగుతోంది. "ఏమోనమ్మా. నువ్వు చెప్తంటే నాకు వానే కనపడింది."

"నేను చెప్పింది మీకు నచ్చకపోతే నచ్చలేదనాలి. ముగ్గురూ కూడబలుక్కుని మార్చేస్తారా? అతను పారిపోయాడని కదా చెప్పాను!"

అత్త గ్లాసు కింద పెట్టింది. "మార్చడమేంటే? నువ్వు అట్టా చెప్పింది మమ్మల్ని దెప్పటానికి కాదూ? 'నాకు అంతా తెలుసు, మీ నోట వినాలనుంది' అని చెప్పటానికి కాదూ?"

"ఏం తెలుసు?"

ఆవిడ నా వంక చూసింది. చూస్తూ చూస్తూ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓరి దేవుడా. ఈ పిల్లకి ఇప్పటికీ చెప్పలేదా తిరుపతమ్మ?"

బంకు రేకు దించేసి, పగలు పదకొండు గంటలకి, తాళం వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

అమ్మ పందిళ్ళ దగ్గర చేపలు తిరగేస్తోంది. మూడు కాగితాలూ చేతిలో పెట్టాను. అమ్మకి చదవడం వచ్చు, నెమ్మదిగా చదువుతుంది. మూడూ చదివింది. మడిచి కొంగులో ముడేసుకుంది.

"ఇది కథా, నిజమా?" అన్నాను.

"టీ సంగతి నాకు తెలియదు. పున్నమ్మొదిన ఎప్పుడూ చెప్పలా," అంది. ఆ తర్వాత మిగతాది చెప్పింది. నాన్న దిగినప్పుడు చక్రం పట్టుకున్న పన్నెండు మందిలో అమ్మ కూడా ఉంది. మర్నాడు చెరువు కాలవ జాలీ దగ్గర ఆయన్ని ఏసోబు బాబాయి చూశాడు. బోర్డువాళ్ళు రాకముందే పడవలో వేసుకుని మడ అడవిలోకి తీసుకెళ్ళి పూడ్చిపెట్టారు.

"ఎందుకు? పిల్లల ప్రాణాలు కాపాడిన మనిషిని దొంగలా ఎందుకు పూడ్చారు?"

"నీటికింద చచ్చాడంటే, మరి పైన చక్రం ఎవరు తిప్పారని అడగరా? చేత్తో తిప్పాలంటే పన్నెండు మంది కావాల. పన్నెండిళ్ళూ కట్ట మీంచి లేపేసేవాళ్ళు. మెట్టన జనం నలభై రోజులు తాగటానికి నీళ్ళు లేక అల్లాడారు. వాళ్ళు ఊరుకుంటారా? మోటారేసి ఒక్కడే ఎత్తి పారిపోయాడని అందరం ఒక్క మాట మీద ఉన్నాం. ఆయన బతికుంటే ఆయనే ఆ మాట చెప్పమనేవాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే. బోర్డువాళ్ళు ముందు పిల్లలకే బిస్కట్లిచ్చి అడిగారు. నువ్వు ఏడుస్తా, మా నాన్న దొంగ, మమ్మల్నొదిలేసి పోయాడు అని కాళ్ళు నేలకేసి కొట్టావు. మా పెద్దోళ్ళ మాట వాళ్ళు నమ్మలా. నీ ఏడుపు నమ్మారు. కాగితం మీద అదే రాసుకుని పోయారు."

పెద్దయ్యాకైనా చెప్పొచ్చు కదా అన్నాను. ఏ రోజు చెప్పాలో తెలియలేదంది. ఉద్యోగంలో చేరిన రోజు చెబుదామనుకుందట. ఆ రోజు నేను బోర్డు కాగితం మీద "నా తండ్రి ఆచూకీ నాకు తెలియదు" అని సంతకం పెట్టాల్సి వచ్చింది. తెలిసి పెడితే అబద్ధం, తెలియకుండా పెడితే తప్పు లేదు కదా అని ఊరుకుందట. అలా పద్నాలుగేళ్ళు.

"కథలో కూడా పారిపోయాడనే చెప్పావంట. ఇంత గట్టిగా నమ్మావని అనుకోలా," అంది, చేప తిరగేస్తూ.

44వ రోజు. పోటు రాసుకోలేదు.

మస్తాన్ బాబాయి నన్ను పడవలో మడ అడవిలోకి తీసుకెళ్ళాడు. గంట ప్రయాణం. ఒకచోట తెడ్డు ఆపి "ఈడనే" అన్నాడు. చూశాను. నీళ్ళే ఉన్నాయి. అప్పట్లో గట్టి నేలట, ఈ ఇరవై ఆరేళ్ళలో సముద్రం పెరిగి మూడడుగుల లోతయింది. గుర్తుకి పాతిన కర్ర కూడా ఎప్పుడో పోయింది. దణ్ణం ఎటువైపు పెట్టాలో తెలియక పడవలో అలాగే కూర్చున్నాను.

మనిషి పోయినందుకు ఏడవాలా, ఇన్నేళ్ళు తిట్టినందుకు ఏడవాలా, నాకు తెలియలేదు. పదేళ్ళ పిల్లగా తిట్టాను. ఉద్యోగంలో చేరాక రోజూ తలుపెత్తుతూ తిట్టాను. చాలక, ముగ్గురిని కూర్చోబెట్టి కథ కట్టి మరీ తిట్టాను. ఆ విన్న ముగ్గురూ ఆయన్ని చేతులతో మోసినవాళ్ళు. సిగ్గుతో చచ్చిపోయాను.

46వ రోజు. పోటు పది. పడవలు ఆరు.

దరఖాస్తు పంపనని చెప్పాను. గడువు రేపు సాయంత్రం. ముగ్గురూ కలిసి లాకు గదికి వచ్చారు. ఏసోబు బాబాయికి చెవులు తిరిగొచ్చాయి.

"పంపు," అన్నాడు. "తొంబై నాలుగంటనే. సిస్టరు చెప్పింది, ఈ జిల్లాలో ఎవరికీ రాలేదంట."

"అది కథకి వచ్చిన మార్కు కాదు బాబాయ్. మీరు చూసిందే మీకు గుర్తొచ్చింది."

"పట్టీకి ఇన్నదీ చూసిందీ ఒకటేనంటగా?"

"నిజమని తెలిస్తే కాగితాలు బోర్డుకి పోతాయి. మీ ఇళ్ళు పోతాయి."

అప్పుడు పున్నమ్మత్త అంది, "కల్పనని టిక్కు పెట్టావుగా. అట్టానే ఉంచు. ఇరవై ఆరేళ్ళు మేం అబద్ధాన్ని నిజమని చెప్పుకుంటా బతికాం. నువ్వు ఒక్కసారి నిజాన్ని అబద్ధమని చెప్తే కొంపలేం మునగవు. మీ నాన్న వల్ల నీకేం మిగల్లా. ఈ సీటన్నా మిగలనీ."

సీటు మీద ఆశ చావలేదని ఒప్పుకోవాలి. రేపటి రేషను పడవలో కవరు వెళ్ళిపోతుంది.

56వ రోజు. పోటు పన్నెండు. పడవలు తొమ్మిది.

ఇంటర్వ్యూ. లాకు గది తెర మీద, సరిగ్గా పోటు వేళకి పెట్టారు. ఒక పక్క తొమ్మిది పడవలు హారన్లు కొడుతున్నాయి. తెర మీద ఆచార్య కుముద్వతి గారు, పక్కన ఇంకో ఇద్దరు. ఆవిడ మాట మెత్తగా, శ్రద్ధగా ఉంది.

"నాంచారి గారూ, మీ శ్రోతల కాగితాలు మా విభాగమంతా చదివింది. అంగారకుడి మీద వాన! రొయ్యలు! ఎంత సాహసమైన ఊహ. నియమం ప్రకారం నోటితో అడగాలి. ఇది నిజమా, కల్పనా?"

పడవలు మళ్ళీ హారన్ కొట్టాయి. "ఒక్క నిమిషం, తలుపెత్తి వస్తాను," అని బయటికి వెళ్ళాను. ఇప్పుడు కొత్త మోటారు, బటన్ నొక్కితే లేస్తుంది. పాత చక్రం పక్కనే ఉంది, ఎవరూ వాడరు. తలుపు లేచేదాకా నిలబడి, లోపలికి వచ్చి "కల్పన" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. ఆవిడ గట్టిగా చెప్పమన్నారు. "కల్పన అండీ. అంతా నేను కల్పించిందే."

మా నాన్న చావుని నేనే కల్పించానని చెప్పి కూర్చున్నాను. ముగ్గురూ తృప్తిగా రాసుకున్నారు.

"మొదటి నుంచి చివరి దాకా చాలా బాగుంది," అన్నారు కుముద్వతి గారు. "ఒక్కటే ఇబ్బంది. ఆ ముగింపు. నీళ్ళలోంచి ప్రాణాలతో పైకొచ్చినవాడు మళ్ళీ దిగుతాడా? మాకు ఎవరికీ నమ్మకం కలగలేదు. మనుషులు అలా చేయరండీ. అది రచయిత బలవంతాన చేయించిన పని. అతను భయపడి పారిపోయి ఉంటే ఎంత సహజంగా ఉండేది, ఒకసారి ఆలోచించండి."

ఆలోచిస్తానని అన్నట్టున్నాను.

59వ రోజు. పోటు తొమ్మిది. పడవలు నాలుగు.

ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు. హాస్టలు గది నంబరు కూడా రాశారు, పద్దెనిమిది. ఒక షరతు. పరీక్షగా ఈసారి రాతలో, లస్కరు మళ్ళీ దిగకుండా ముగింపు సవరించి వారంలోగా పంపాలి. పంపకపోతే కారణం రాయాలి. కారణం సబబుగా లేకపోతే సీటు తర్వాతివాళ్ళకి పోతుంది.

నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగక భయం వేసింది. వాళ్ళడిగిన ముగింపు కొత్తగా రాయక్కర్లేదు, నా దగ్గర తయారుగా ఉంది. ఓడ, ఎర్రదుమ్ము, ఎదురుచూసే పిల్ల, మొత్తం.

62వ రోజు. పోటు పది. పడవలు మూడు.

అమ్మ ఆ ఉత్తరం చదివి, "పంపెయ్యి," అంది. "నువ్వు అంగారకుడనేగా అన్నావు? అక్కడోడెవడో పారిపోతే మనకేం?"

"నీకేం అనిపించదా?"

"ఇన్నేళ్ళు నా నోటితో నేనే చెప్పుకున్నా, ఆయన పారిపోయాడని. బజారులో, బోర్డులో, నీ దగ్గర. ఒక్కసారి ఎక్కువైతే ఏమవుద్ది?" ఆ మాట అని చేటలోని చేపలు ఒక్కొక్కటీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగు దాకా వచ్చి ఆగింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ నాలుగు దగ్గరే ఆగింది. నేను చేట తీసుకుని పక్కన పెట్టాను.

65వ రోజు. పోటు పదకొండు. పడవలు ఆరు.

పొద్దున్నే కాగితం ముందు కూర్చున్నాను. పాత ముగింపు మొదటి వాక్యం రాశాను. "సింగన్న ఓడ వైపు పరుగెత్తాడు." చెయ్యి బాగానే కదిలింది, అలవాటైన చెయ్యి. రెండో వాక్యం దగ్గర ఓడ ఎక్కబోతున్న మనిషి తలకి పచ్చగళ్ళ తువ్వాలు కనిపించింది. కొట్టేశాను. ఇంకో కాగితం తీశాను. మళ్ళీ తువ్వాలే.

ఇది రచయితగా నా పంతమో, కూతురిగా నా ఏడుపో నాకు తెలియడం లేదు. వాళ్ళు చెప్పిందాంట్లో కూడా న్యాయం ఉందేమో. నాకు ఎవరైనా ఈ కథ చెప్పి ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు. ఎవరూ చెప్పకుండానే పాతికేళ్ళు నమ్మలేదు కదా. మెట్ట మీద పద్దెనిమిదో నంబరు గదికి కిటికీ ఉంటుందో లేదో ఇంక తెలిసే దారి లేదు. అది తలుచుకుని కాసేపు నిజంగానే బాధపడ్డాను. ముప్పై ఆరు నిండి రెండు వారాలైంది.

పోటు వేళ దాకా ఆగి, తలుపెత్తి, ఆరు పడవలు పంపించి, లోపలికి వచ్చి ఉత్తరంతో వచ్చిన ఫారం తీశాను. "ముగింపు సవరించారా?" అన్నచోట "లేదు" అని రాశాను. "కారణం" అన్నచోట పది గీతలు ఖాళీగా ఉన్నాయి. నిజం రాస్తే పన్నెండిళ్ళు పోతాయి. అబద్ధం రాయడానికి నాకు ఓపిక లేదు. మొదటి గీత మీద "అతను మళ్ళీ దిగాడు" అని రాశాను. మిగతా తొమ్మిదీ వదిలేసి, కవరు అంటించి, మస్తాన్ బాబాయి చేతికిచ్చాను.